కుక్క తప్ప ఏదైనా సరే

1981 జూన్ 14, ఆదివారం

ఈ డైరీ జనవరిలో ఫ్యాక్టరీలో అందరికీ పంచారు. ఇన్నాళ్ళూ ట్రంకుపెట్టె అడుగున పడి ఉంది. ఈ రోజు ఇల్లు మారుతూ సామాను సర్దుతుంటే చేతికి తగిలింది. సగం ఏడాది ఖాళీగా పోయాక డైరీ మొదలుపెట్టేవాడిని నేనొక్కడినే అయి ఉంటాను. ఎవరూ చదివేది కాదు కాబట్టి పరవాలేదు.

కొత్త ఇల్లు హోసూరు దాటాక కెలవరపల్లి దారిలో ఉంది. వరండా, ఒక గది, వంటిల్లు. ఇంటావిడ కెంపమ్మ పక్క వాటాలోనే ఉంటుంది. వెనక గొర్రెల దొడ్డి. గొర్రెలను ఆవిడ మరిది బైరప్ప మేపుతాడు. దొడ్డి వాసన గురించి మా ఆవిడ నాగరత్నం ఏమైనా అంటుందేమోనని చూశాను. ఏమీ అనలేదు. ఈ మధ్య దేని గురించీ అనడం లేదు.

బండిలోంచి సామాను దించకముందే కెంపమ్మ గడపకు అడ్డంగా నిలబడి షరతులు చెప్పింది.

"చూడప్పా, ముందే చెప్తా ఉండాను. గోడకి మేకులు కొట్టేది లేదు. పొద్దు గుంకినాంక బావిలో నీళ్ళు చేదేది లేదు. కుక్కని తెచ్చేది అసలే లేదు. పిల్లినైనా పెట్టుకో, కోళ్ళనైనా సాకుకో, చిలకని తెచ్చి పంజరంలో పెట్టుకో, నేనేమీ అనను. కుక్క తప్ప ఏదైనా సరే."

నాకు ఆవిడ వెంటనే నచ్చింది. నేను టైం ఆఫీసు మనిషిని. పొద్దున్నే గేటు దగ్గర కూర్చుని ఎవరు ఎన్నింటికి వచ్చారో చూసి, ఆలస్యమైన కార్డు మీద ఎర్ర సిరా గుర్తు పెట్టడం నా ఉద్యోగం. షరతులు ముందే తేల్చి చెప్పే వాళ్ళంటే నాకు గౌరవం. పైగా కుక్కలంటే నాకు గిట్టదు. చిన్నప్పుడు రేపల్లెలో ఒకటి నా పిక్క పట్టుకుంది.

"మాకా బెడద లేదండీ" అన్నాను.

జూన్ 15

మేకు కొట్టకూడదు కాబట్టి క్యాలెండరు కిటికీ ఊచకు కట్టాను. గాలికి తేదీలు కొట్టుకుంటున్నాయి.

జూన్ 23

ఫిబ్రవరి పేజీలు తిరగేశాను. ఖాళీగా ఉన్నాయి. అలాగే ఉంచుతాను. ఒక్కసారి మాత్రం ఇక్కడ రాసి వదిలేస్తాను. ఫిబ్రవరిలో మాకు పాప పుట్టింది. పుట్టిన రోజే పోయింది. పేరు ముందే అనుకున్నాం. పాప కడుపులో ఉండగానే నాగరత్నం ఆ పేరుతో పిలిచి కబుర్లు చెప్పేది.

ఇప్పుడు అవసరమైన మాటే మాట్లాడుతుంది. అన్నం పెట్టనా. తలుపు గడియ వేశారా. పాలవాడు వచ్చాడు. పెళ్ళయిన కొత్తలో నీ నోటికి తాళం వేయించాలని వేళాకోళం చేసేవాణ్ణి. ఇప్పుడు ఆ తాళంచెవి ఎక్కడుందో నాకు తెలియడం లేదు. ఇల్లు మారితే మనిషి తేరుకుంటుందని డాక్టరు అన్నారు. ఇల్లయితే మారాం.

జూలై 5, ఆదివారం

వాన. నాగరత్నం చింతపండు తెస్తానని కొట్టుకు వెళ్ళి కుక్కపిల్లను తెచ్చింది.

నల్లగా ఉంది. ఒళ్ళంతా బురద. రోడ్డు కింద తూములో నీళ్ళు ఎక్కుతుంటే మూలకు నక్కి అరుస్తోందట. తల్లి ఆనవాలు లేదట. చింతపండు తేలేదు.

"షరతు గుర్తుంది కదా" అన్నాను.

నాగరత్నం నా వైపు చూడలేదు. వంటింటి నేల మీద కూర్చుని నా తువ్వాలుతోనే దాన్ని తుడుస్తోంది. "ఏరా, ఆకలేస్తోందా? ఉండు, పాలు వెచ్చబెడుతున్నాను. అబ్బో, ఏం కోపం! ఏడవకు, నేనున్నాగా. ఎక్కడికీ పోనుగా" అంది. దానితో.

ఒక్క గుక్కలో అన్ని మాటలు ఆమె నోట విని ఎన్నాళ్ళైందో. నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. తరవాత వెళ్ళి, కెంపమ్మ రాకుండా వీధి తలుపు గడియ వేసి వచ్చాను.

రెండు రోజులు మాత్రమే. తడి ఆరాక ఎవరికైనా ఇచ్చేస్తాం.

జూలై 7

రెండు రోజులయ్యాయి. దానికి జలుబు చేసింది. జలుబుతో ఉన్నదాన్ని ఎవరు తీసుకుంటారు?

జూలై 10

ఈ ఇంట్లో రెండు వాటాల మధ్య గోడ పెంకుల దాకా లేదు. అటు కెంపమ్మ మిరపకాయ పోపు వేస్తే ఇటు మేము తుమ్ముతాం. అటువంటప్పుడు ఇటు కుక్కపిల్ల కుయ్ మంటే అటు వినిపించకుండా ఎలా ఉంటుంది?

నాకు తోచిన ఉపాయం దగ్గు. అది కుయ్ మనగానే నేను గట్టిగా దగ్గుతున్నాను. నిన్నటి నుంచి బాగానే పని చేసింది. ఈ సాయంత్రం కెంపమ్మ ఇత్తడి గ్లాసుతో వచ్చింది.

"ఏమప్పా, ఒగటే దగ్గుతా ఉండావు! కొత్త నీళ్ళు పడలేదేమో. మిరియాల కషాయం కాసినాను. తాగు."

"ఇప్పుడు తగ్గిందండీ."

"యాడ తగ్గింది? నాకు వినిపిస్తా ఉండాదే. నా ముందరే తాగు."

ముందరే తాగాను. చెవుల్లోంచి ఆవిరి వచ్చింది. నాగరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పోయింది. నవ్విందనుకుంటాను. చూడలేకపోయాను, కళ్ళనిండా నీళ్ళు.

జూలై 12

మళ్ళీ కషాయం. ఈసారి వేపాకు కూడా వేసినట్టుంది.

జూలై 18

కోళ్ళగంప కొన్నాను. కోళ్ళు పెంచుకోవచ్చని షరతుల్లోనే ఉంది. వరండా మూల గంప బోర్లించి కింద దాన్ని ఉంచుతున్నాం. "కోడి యాడప్పా?" అని కెంపమ్మ అడిగింది. "తెస్తామండీ, ముందు గంప" అన్నాను. కోడి లేని గంపకు రోజూ పాలు పోసే ఇల్లు మాదొక్కటే అయి ఉంటుంది.

పేరేం పెడదాం అని నాగరత్నాన్ని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

"పేరొద్దండీ. పేరు పెట్టి పిలిస్తే ఉండరు" అంది.

ఆమె దాన్ని 'ఒరే' అని పిలుస్తుంది. నాతో చెప్పేటప్పుడు 'వాడు' అంటుంది. నేను 'అది' అంటున్నాను. ఎలాగూ ఇచ్చేస్తాం కదా.

ఆగస్టు 2, ఆదివారం

దొరికిపోయాం.

నేను గడ్డం గీసుకుంటున్నాను. వెనక దొడ్లోంచి కెంపమ్మ కేక వినిపించింది. సగం ముఖానికి సబ్బుతోనే పరిగెత్తాను. గంప తోసుకుని, ముళ్ళ తడిక సందులోంచి దూరి, అది గొర్రెపిల్లల మధ్య కూర్చుని ఉంది. ఒక గొర్రెపిల్ల దాని చెవి నాకుతోంది. కెంపమ్మ చేతిలో కర్ర ఉంది. ఆవిడ ముఖంలో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది.

"ఈ కుక్క యాడిది?"

అలవాటు కొద్దీ దగ్గాను.

"చాల్లే నీ దగ్గు! నాకు తెలీదనుకొంటివా? తొలినాడే తెలుసు. యా మనిషికైనా దగ్గు ముందర కుయ్యిమని వస్తుందా? ఆ యమ్మ దాంతో మాట్లాడేది గోడ మీంద నుంచి వింటా ఉంటిని. ఇల్లు చేరినప్పటి నుంచి నోరు తెరవని మనిషి, మాట్లాడనీలే అని గమ్మున ఉంటిని. కషాయం పోస్తే తాళలేక నువ్వే చెప్తావనుకొంటే, నువ్వు తాగతానే ఉండావు! సరే, అదంతా ఇంట్లో. దొడ్లోకి వచ్చినాంక నేను ఊరుకొనేది లేదప్పా. కుక్కన్నా పోవల్ల, మీరన్నా పోవల్ల."

నాగరత్నం వచ్చి దాన్ని ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఈ పూట అన్నం తినలేదు. నేనూ తినలేదు. అది మాత్రం తిన్నది.

ఆగస్టు 3

పని నుంచి రాగానే కెంపమ్మ దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. కోపం తగ్గి ఉంది. అసలు సంగతి చెప్పింది.

మాకు ముందు ఈ వాటాలో ఒక ఇంజనీరు ఉండేవాడట. ఎత్తయిన జాతి కుక్కను తెచ్చాడట. అది ఒకరోజు గొలుసు తెంపుకుని, పక్కింటి మారప్ప దొడ్లో పడి గొర్రెపిల్లలను చీల్చేసింది. ఇంజనీరు మర్నాడే సామాను లారీకెత్తించి కుక్కతో సహా వెళ్ళిపోయాడు. గొర్రెలవాళ్ళ పెద్దమనిషి తిమ్మరాయప్ప ఇంటి ముందు అందరూ కూర్చున్నారు. తప్పు కెంపమ్మదని తేల్చారు.

"అదెలాగండీ? కుక్క మీది కాదుగా" అన్నాను.

"మాలో అట్ల కాదప్పా. కుక్క కొన్నోడిది కాదు. యా గడప కాడ కూడు తింటే ఆ గడపది. అది చేసిన తప్పు కూడా ఆ గడపదే. బాడుగకి ఉండేవాళ్ళు ఈపొద్దు ఉంటారు, రేపు పోతారు. గడప యాడికి పోతుంది? నా ఈనిన గొర్రెల్ని పిల్లల్తో కూడా తోలి మారప్ప దొడ్లో కట్టి, చేతులు జోడించి వచ్చినాను. అవి నా మొగుడు సాకిన గొర్రెలు."

ఆదివారం దాకా గడువు అడిగాను. "ఆ యమ్మ మొగం చూసి ఇస్తా ఉండాను, నీ మొగం చూసి కాదు" అంది.

ఆగస్టు 4

దారి దొరికింది! గేటు దగ్గర కార్డులు చూస్తుండగా తట్టింది.

తప్పు కుక్క తిన్న గడపది. బాగుంది. అయితే ఏ గడప దగ్గరా తినకపోతే? దొడ్డి వాకిట్లో, ముళ్ళ తడిక పక్కన, వెడల్పాటి నల్లబండ ఉంది. మా గడపకు దూరం, కెంపమ్మ గడపకూ దూరం. అక్కడ గడపే లేదు. దానికి రోజూ ఆ బండ మీద కూడు పెడితే ఎవరికీ బాధ్యత రాదు.

కెంపమ్మతో చెప్పాను. ఆవిడ చాలాసేపు నా ముఖం చూసింది.

"ఆ బండ మీంద? మీరే, మీ చేత్తో పెడతారా?"

"మేమే పెడతామండీ."

"తర్వాత మాట మార్చేది లేదే?"

"ఈ జనార్ధనరావు మాట మార్చడండీ."

"అట్లయితే సరేప్పా. ఉండనీ" అని నవ్వింది. అంత తేలిగ్గా ఒప్పుకుంటుందని నేననుకోలేదు. షరతును శ్రద్ధగా చదివేవాడికి సందు దొరక్కపోదని నాగరత్నంతో గొప్పగా చెప్పాను. నాగరత్నం నా ముఖంలోకి చూసి నవ్వింది. ఈసారి కొంగు అడ్డం లేదు.

ఆగస్టు 16, ఆదివారం

కెంపమ్మ నాగరత్నానికి రాగిముద్ద చేయడం నేర్పుతోంది. మొదటి ముద్ద నేను తిన్నాను, రెండోది అది తిన్నది. దానిదే బాగుందని కెంపమ్మ తీర్పు. ఇద్దరు ఆడవాళ్ళూ బండ పక్కన కూర్చుని చీకటిపడే దాకా మాట్లాడుకుంటున్నారు. ఏం మాటలో నాకు చెప్పరు. ఇంట్లో చింతపండు లేదని కూడా కెంపమ్మే నాకు చెప్పింది.

సెప్టెంబరు 11

ఫ్యాక్టరీ సైరన్ కూయగానే అది రోడ్డు మలుపు దాకా వచ్చి కూర్చుంటోంది. నేను పట్టించుకోలేదు. సైకిలు మాత్రం మెల్లగా తొక్కాను, దానికి ఆయాసం రాకుండా.

అక్టోబరు 21

క్వార్టర్స్ వచ్చాయి. రెండు గదులు, కొళాయి, ఎలక్ట్రిక్ దీపాలు. జంతువులను పెంచరాదు అని కాగితంలో నాలుగో షరతు. వద్దని రాసిచ్చాను. అక్కడ గాలి అంత బాగుండదు.

నవంబరు 15, ఆదివారం

అది రోజూ బైరప్ప వెంట మందతో పోతోంది. బైరప్ప దగ్గర ముందే ఒక ముసలి మంద కుక్క ఉంది. దానికి చూపు ఆనదు. మనది దాని పక్కనే నడిచి పని నేర్చుకుంటోందట. దారి తప్పిన గొర్రెను కరవకుండా భుజంతో తోసి మందలో కలుపుతోందట. "గట్టి కుక్క అవుతుందప్పా" అన్నాడు బైరప్ప. మామూలుగా వారానికి రెండు మాటలు మాట్లాడే మనిషి.

పైన 'మనది' అని రాశాను. కొట్టేయడం బాగుండదని వదిలేస్తున్నాను.

డిసెంబరు 20, ఆదివారం

రాగి కోతలు అయిపోయాయి. బైరప్ప కంబళి దులిపి ఎండలో వేశాడు. ఏమిటి ప్రయాణమా అని అడిగాను. ఏటా ఈ రోజుల్లో మందను ఊత్తంగరై వైపు తోలుకుపోతారట. కోసిన చేలల్లో ఎరువు కోసం రైతులు మంద కట్టించుకుంటారు. మళ్ళీ వానలు పడ్డాకే ఇంటికి రావడం.

"కుక్కని కూడా తోలుకొనిపోతా ఉండాం" అన్నాడు.

"ముసలిదాన్నా?"

"అది నడవలేదు. కొత్తదాన్ని."

"మా కుక్కనా!"

బైరప్ప నన్ను వింతగా చూశాడు. "మీ కుక్క యాడుందప్పా? దొడ్డి వాకిట్లో బండ మీంద పెట్టినారు కదా. ఆ బండ మీంద చేత్తో కూడు పెడితే మందకి ఇచ్చేసినట్లే. మా తాతల కాలం నుంచి అట్లనే. మీరు చదువుకొన్నోళ్ళు, తెలిసే ఇచ్చినారనుకొంటిని."

కెంపమ్మ దగ్గరికి పరిగెత్తాను. ఆవిడ నా కళ్ళలోకి సూటిగా చూడలేదు.

"అందుకే గదప్పా, నిన్ను రెండు మార్లు అడిగితిని. మంద కుక్కయితే నా గడపకి తప్పు రాదు, మందకి కాపు ఉంటుంది, ఆ యమ్మకి తోడు ఉంటుంది, అందరికీ బాగుంటుందనుకొంటిని. ఇన్ని నెలలు పోయేది అప్పుడు నాకు తలపుకి రాలేదు."

తెలివైనవాణ్ణని గంతులేశాను. నా చేతులతో నేనే దానం చేసి వచ్చాను. నాగరత్నానికి ఎలా చెప్పాలి?

డిసెంబరు 21

చెప్పలేదు.

డిసెంబరు 22

చెప్పలేదు. ఆమె దానికి చలికని నా పాత స్వెటరు కత్తిరించి కుడుతోంది.

డిసెంబరు 24

ఆమెకు తెలుసు. కెంపమ్మ ఆదివారమే చెప్పిందట. "మీరెప్పుడు చెబుతారా అని చూస్తున్నాను" అంది. కుట్టడం ఆపలేదు. అంతకు మించి ఒక్క మాట లేదు. మళ్ళీ అన్నం పెట్టనా, తలుపు వేశారా. నాకు భయంగా ఉంది. కుక్క పోతుందని కాదు. కుక్కతో పాటు ఆమె మాట కూడా పోతుందని.

1982 జనవరి 3, ఆదివారం

కొత్త డైరీ.

పొద్దున్నే తిమ్మరాయప్ప ఇంటికి వెళ్ళాను. తెలియక చేసిన పని లెక్కలోకి రాదని, ఏ షరతైనా రెండు పక్షాలకూ తెలిసి ఉండాలని, టైం ఆఫీసు భాషలో గంటసేపు వాదించాను. ఆయన వక్క నములుతూ అంతా విన్నాడు.

"బండ మాట బండ మాటే అప్పా. మార్చేదానికి నాకు కూడా హక్కు లేదు. అది సరే, కూడు పెట్టిన చెయ్యి ఎవరిది? నీదా, ఆ యమ్మదా?"

"నాగరత్నానిదే."

"ఆ యమ్మని ఎవరైనా అడిగినారా?"

ఎవరూ అడగలేదు. నేను కూడా.

సాయంత్రం కెంపమ్మ మా వరండాలోకి వచ్చి నాగరత్నం ఎదుట నేల మీద కూర్చుంది. బైరప్ప కొంచెం దూరంగా నిలబడ్డాడు.

"నాగరత్నమ్మా, నువ్వు వద్దంటే పోదు. బైరప్పకి నేను చెప్తాను. ముసలి కుక్కనే నడిపించుకొని పోతాడు. ఆడ కొండ పక్క నక్కలు, తోడేళ్ళు ఉండాయి. అయినా పోతాడు. ముందర కూడా పోయినాడు. చెప్పు తల్లీ."

అది నాగరత్నం పాదాల మీద గడ్డం ఆనించి పడుకుని ఉంది. వద్దని చెప్పు, వద్దని చెప్పు అని నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను.

"తిరిగొస్తుందా?" అంది చివరికి.

"మంద వస్తే అదీ వస్తుంది. అంతకన్నా నేను ఏమి చెప్పేది? నీకు అబద్ధం చెప్పలేను."

"దారిలో ఈనే గొర్రెలు ఉన్నాయా?"

"ఉండాయమ్మా. చానా ఉండాయి" అన్నాడు బైరప్ప.

నాగరత్నం దాని చెవులు రెండూ నిమిరింది. "అయితే పంపిద్దాం. ఆ పిల్లలకి ఎవరో ఒకరు కాపలా ఉండాలిగా" అంది.

కెంపమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. నేను లోపలికి వచ్చేశాను.

జనవరి 10, ఆదివారం

పొద్దున మంద కదిలింది. నాగరత్నం దానికి స్వెటరు తొడిగింది. మలుపు దాటాక బైరప్ప విప్పేసి ఉంటాడు. రాగిముద్దలు మూట కట్టి ఇచ్చింది. తల నిమిరి, "పోయిరారా" అంది. పేరు పెట్టలేదు.

నాకు పని ఉందని చెప్పి ముందే సైకిలెక్కి బయలుదేరాను. ఆదివారం ఏం పని అని ఎవరూ అడగలేదు. మలుపు దగ్గర ఆగాను. మంద నా పక్క నుంచే పోయింది. అది నన్ను చూసి తోక ఊపింది కానీ గొర్రెలను విడిచి రాలేదు. కంట్లో దుమ్ము పడింది. అంత పెద్ద మంద నడిస్తే దుమ్ము లేవదా?

జనవరి 11

సైరన్ తరవాత మలుపు దగ్గర సైకిలు ఆపాను. ఊరికే.

జనవరి 19

ఈ రోజు కూడా ఆపాను. చైన్ వదులైనట్టుంది.

ఫిబ్రవరి 12

ఏడాదైంది.

సెలవు పెట్టాను. ఎండ తగ్గాక నాగరత్నం వెళ్ళి బండ మీద కూర్చుంది. నేనూ వెళ్ళి పక్కన కూర్చున్నాను. దొడ్డి ఖాళీగా ఉంది. నాగరత్నం పాప గురించి మాట్లాడింది. తను ఎంతసేపు ఎత్తుకున్నదో, పాప వేళ్ళు ఎలా ఉన్నాయో, నేను చూడని సంగతులన్నీ చెప్పింది. ఇద్దరం ఏడ్చాం. పాప పేరు ఇద్దరం పైకి అన్నాం. ఇక్కడ రాయను. పైకి అన్నాం, అది చాలు.

కెంపమ్మ తన వాకిట్లోంచి చూసి, రాకుండా, దీపం పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 14, ఆదివారం

హాస్టల్లో పిల్లాణ్ణి చూడబోయినట్టు బయలుదేరాం. మొదటి బస్సుకు కృష్ణగిరి, అక్కడి నుంచి ఊత్తంగరై. నాగరత్నం ఒడిలో రాగిముద్దల గిన్నె. కిటికీ పక్క కూర్చుని కొండలు వస్తే కొండలు, రైలు గేటు వస్తే రైలు గేటు, అన్నీ నాకు చూపించింది. కండక్టరు రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు. ఎంత వాగుతుందో ఆమె! నేను కళ్ళు మూసుకుని విన్నాను.

హోసూరు మంద ఎక్కడుందని ఊత్తంగరైలో అడిగితే సామల్పట్టి స్టేషన్ అవతల వేరుశెనగ తీసేసిన చేలో ఉందన్నారు. బస్సు మారి, గట్ల వెంట నడిచి చేరేసరికి ఎండ నడినెత్తిన ఉంది.

గట్టు మీద అది కూర్చుని ఉంది. ఎంత పెరిగింది! ఛాతీ విరిసింది. "ఒరే!" అని నాగరత్నం పిలిచింది. చెవులు మా వైపు తిరిగాయి. తోక నేలకేసి టపటపా కొట్టుకుంది. కానీ అది లేవలేదు. కళ్ళు గొర్రెల మీదే ఉన్నాయి.

"మరిచిపోయిందా?" అన్నాను.

వేపచెట్టు కింద అంబలి తాగుతున్న బైరప్ప నవ్వాడు. "మరిచేది యాడప్పా? గొర్రె మేస్తా ఉంటే రాదు. నేను చెప్పల్ల."

ఇన్నేళ్ళు గేటు దగ్గర కూర్చుని వేల కార్డులు చూశాను. ఇలాంటి హాజరు చూడలేదు. నా పిక్క పట్టుకున్న రేపల్లె కుక్కను ఆ క్షణాన క్షమించేశాను.

బైరప్ప గిన్నె కింద పెట్టి నాలుకతో టక్కుమనిపించాడు. అంతే, నాగరత్నాన్ని వెనక్కి పడేసినంత పని చేసింది. ఆమె చేలో చతికిలబడి దాన్ని వాటేసుకుంది. దుమ్ము రేగి నాకు దగ్గొచ్చింది. నిజం దగ్గే. అది చటుక్కున తల తిప్పి నా వైపు చూసి, అంత పెద్ద కుక్క, గంప కింద ఉన్నప్పటిలాగే సన్నగా 'కుయ్' మంది.

నాగరత్నం నవ్వడం మొదలుపెట్టింది. ఆపలేకపోయింది. బైరప్పకు ఏమీ అర్థం కాలేదు కానీ అతనూ నవ్వాడు.

ఏప్రిల్ 7

మేనేజరు మళ్ళీ క్వార్టర్స్ సంగతి ఎత్తాడు. గాలి బాగుండదని చెప్పాను. హోసూరంతా ఒకటే గాలి కదయ్యా అన్నాడు. ఆయనకు కుక్క లేదు.

జూన్ 12

వానలు పడ్డాయి. మంద కృష్ణగిరి దాటిందని బస్సు డ్రైవరు చెప్పిపోయాడు.

పని నుంచి వచ్చేసరికి కెంపమ్మ ఇద్దరు మనుషులను పెట్టి, గడ్డపారలతో బండను పెకలించి, దొర్లించుకొచ్చి మా వరండా మెట్ల ముందు వేయిస్తోంది.

"ఇదేమిటండీ?"

"వానాకాలమంతా మంద ఇంటికాడే గదప్పా. రాత్రి కాపుకి ముసలిది చాలు. ఇంక దీనికి ఈడే కూడు. దొడ్డికి ఇంకో బండ తెస్తాను."

"మరి గడప... ఏదైనా తప్పు జరిగితే..."

"గడప నాది, బండ నాది, తప్పు వస్తే అదీ నాదే. నువ్వు గమ్మునుండు. నువ్వు తెలివి చూపించినప్పుడంతా ఇంట్లో ఏడుపే."

"అయితే కుక్క తప్ప అన్న షరతు తీసేసినట్టేనా?"

"తీసేసినాను. దాని బదులు ఇంకొగటి. ఇల్లు ఖాళీ చేసేది లేదు."

బండ ఎత్తు సరిచూసి లోపలికి వెళ్ళింది. నాగరత్నం దాన్ని కడిగి ముగ్గు పెట్టింది.

జూన్ 13, ఆదివారం

మధ్యాహ్నం నుంచీ నాగరత్నం కుదురుగా కూర్చోలేదు. రాగిముద్ద చేసింది, చల్లారిందని మళ్ళీ చేసింది. నేను పేపరు చదువుతున్నాను. ఏ పేజీయో అడిగితే చెప్పలేను.

చినుకుల్లో మంద వచ్చింది. ముందు మెడగంటలు వినిపించాయి. తరవాత మలుపు దగ్గర బైరప్ప గొడుగు. చేతిలో, కంబళి మడతలో, ఎక్కడ చూసినా దారిలో పుట్టిన పిల్లలే. ఆ వెనక అది. నలుపంతా మట్టిరంగైపోయింది. మెడ మీద ఒక పాత గాటు. ఇటు ఒక్కసారి చూసింది, అంతే. గొర్రెలన్నీ దొడ్లోకి పోయేదాకా, వెనకబడ్డ పిల్లను తోసి లోపలికి పంపేదాకా, బైరప్ప ముళ్ళ తడిక లాగి కట్టేదాకా వాకిట్లోనే నిలబడింది.

నాగరత్నం గిన్నెతో బండ దగ్గర నిలబడి ఉంది. వానలో తడుస్తోంది. 'ఒరే' అంటుందనుకున్నాను.

"దగ్గప్పా!" అని పిలిచింది.

దొడ్డి వాకిట్లోంచి అది, వరండాలోంచి నేను, ఇద్దరం ఒక్కసారే తల తిప్పి చూశాం. గోడ అవతల కెంపమ్మ పకపకా నవ్వడం వినిపించింది.

"దగ్గప్పా, రారా!" అంది మళ్ళీ.

పేరు పెట్టి పిలిచింది. వాడు వచ్చాడు.